"ఆ కాలం వేరు" అంటే సరిపోతుందా? మన పూర్వికుల కత్తి, ప్రభువు కొలత

ఈ వారం వీడియో చూసినవారు ఈ పాఠాన్ని దాంతో కలిపి చదువుకోండి. చూడనివారికి కూడా అర్థమయ్యేలాగే రాశాను. బైబిలు పక్కన పెట్టుకోండి. ఈ రోజు మనం ధ్యానించే లేఖనాలు: లూకా 9:51-56, మత్తయి 13:24-30, లూకా 12:47-48, మత్తయి 23:29-32.

ఒక పిల్లవాడి ప్రశ్న

మా యవ్వనస్థుల కూడికకు వచ్చే ఒక బాబు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాడు. కాలేజీలో స్నేహితులు అతన్ని అడిగారట: "మీ క్రైస్తవులు గోవాలో జనాన్ని జైళ్ళలో పెట్టారు, గుళ్ళు కూల్చారు, యూరప్‌లో మనుషుల్ని కాల్చారు. ప్రేమ అంటారే, ఇదేనా?" వాడు వచ్చి నన్ను అడిగాడు. నేను వెంటనే చెప్పేశాను: "ఆ కాలం వేరు నాయనా. అప్పట్లో అందరూ అంతే. ఈనాటి కొలతతో ఆనాటి మనుషుల్ని కొలవకూడదు."

వాడు కాసేపు ఊరుకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, మా అబ్బను ఊరి బావిలో నీళ్ళు తోడనిచ్చేవాళ్ళు కాదంట. పైనుంచి ఎవరో పోస్తే దోసిలి పట్టి తాగేవాడంట. అది కూడా ఆ కాలమే కదా. దాన్ని మాత్రం మనం పాపం అంటాం. ఇదెందుకు కాదు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళ అబ్బకు జరిగింది అన్యాయమే. "ఆ కాలం వేరు" అని వాడి మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు. మరి గోవాలో ఎవరి అబ్బకో జరిగినదానికి ఆ మాట ఎలా సరిపోయింది? ఆ ప్రశ్న పట్టుకుని చదివితే దొరికిందే ఈ పాఠం.

ముందు జరిగింది ఒప్పుకుందాం

ఒప్పుకోలు లేకుండా ప్రార్థన లేదు కదా. కాబట్టి దాచకుండా చెప్పుకుందాం.

1540లో గోవా దీవిలో పోర్చుగీసువారు హిందువుల గుళ్ళు కూల్చేశారు. 1542లో కొత్త గవర్నరు మార్టిం అఫోన్సో ద సౌజా గోవాకు వచ్చాడు. మనలో చాలామంది ప్రేమగా తలచుకునే ఫ్రాన్సిస్ జేవియర్ గారు కూడా ఆయనతోనే ఓడలో వచ్చారు. ఆ గవర్నరు మరుసటి ఏడాది మన తిరుపతి గుడి సొమ్ము మీదే కన్నేసి ఓడలు కట్టించాడు. అక్కడిదాకా చేరలేక, కేరళ వైపు ఒక గుడిని దోచి తిరిగి వెళ్ళాడు.

1546లో జేవియర్ గారు పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాస్తూ, గోవాలో మత విచారణ న్యాయస్థానం, అంటే ఇంక్విజిషన్, కావాలని కోరారు. అది ఏర్పడేనాటికి ఆయన బ్రతికి లేరు. 1552లోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. 1560లో మొదలైన ఆ న్యాయస్థానం మధ్యలో కొన్నేళ్ళు ఆగినా 1812 దాకా నడిచింది. దాని చేతిలో నలిగినవాళ్ళు ఎవరనుకుంటున్నారు? ఎక్కువమంది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే! పాత అలవాటు వదల్లేదని, రహస్యంగా పాత పూజ చేశారని పట్టుకున్నారు. 1736లో ఇచ్చిన ఆజ్ఞలో పెరట్లో తులసి చెట్టు పెంచడం, పెళ్ళిలో మన పద్ధతి పాటలు పాడటం కూడా నేరమే.

ఇది కేథలిక్కుల సంగతి, మనకెందుకు అనుకోకండి. మనలో చాలామంది పెద్దయ్యాక ముంపు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం. ఈ కరువు సీమలో తొట్టెలోకి ట్యాంకరు నీళ్ళు పోయించి మరీ తీసుకున్నాం. సరిగ్గా ఇలాగే పెద్దలకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చినందుకు ఫెలిక్స్ మాంజ్ అనే యువకుణ్ణి 1527 జనవరి 5న జూరిచ్ నగరంలో చేతులు కట్టేసి నదిలో ముంచి చంపారు. ఆ శిక్ష వేసింది ప్రొటెస్టంటు నగర సభ. 1553 అక్టోబరు 27న జెనీవాలో మైకేల్ సెర్వేటస్‌ను త్రిత్వాన్ని కాదన్నందుకు సజీవంగా కాల్చారు. కాల్విన్ గారు కాల్చవద్దు, తల తీయండి అన్నారు గాని చంపవద్దు అనలేదు.

"ఆ కాలంలో అందరూ అంతే": నిజమా?

సెర్వేటస్‌ను కాల్చిన చోట 1903లో కాల్విన్ వారసులే ఒక రాయి నాటించారు. తమ గురువు చేసింది తప్పేనని దానిమీద చెక్కించారు. అది మంచి పని. అయితే ఆ తప్పు ఆయన శతాబ్దానిది అని కూడా చెక్కించారు. నేను ఆ బాబుకు చెప్పిన జవాబు ఇదే కదా!

కానీ నిజంగా ఆ శతాబ్దం అంతా అలాగే ఉందా? సెర్వేటస్ చనిపోయిన మరుసటి ఏడాది, 1554లో, సెబాస్టియన్ కాస్టెల్లియో అనే బైబిలు పండితుడు మారుపేరుతో ఒక పుస్తకం వేసి, మతభేదం కోసం మనిషిని చంపడం క్రీస్తు మార్గం కాదని వాదించాడు. ఆయన ఒకప్పుడు జెనీవాలోనే కాల్విన్ దగ్గర పని చేసినవాడు. అదే శతాబ్దం. అదే బైబిలు.

అమెరికాలో స్పెయిన్‌వారు మూలవాసులను చంపి, బానిసలుగా చేస్తుంటే బార్తొలొమె ద లాస్ కాసాస్ అనే గురువు 1550లో వల్యదొలీద్‌లో పండితుల సభ ముందు నిలబడి ఇది పాపం అని వాదించాడు. ఇంకా వెనక్కి వెళ్దాం. 782లో షార్లమేన్ చక్రవర్తి ఒకే రోజు 4500 మంది సాక్సనుల తలలు నరికించాడని ఆయన కొలువు చరిత్రే చెప్తుంది. ఆ కొలువులోనే ఉన్న ఆల్క్విన్ అనే పండితుడు, విశ్వాసం బలవంతంతో రాదని ఉత్తరాలు రాశాడు.

అంత దూరం ఎందుకు, మన నేల సంగతే చూద్దాం. పెనుకొండ కోట మీరు చూసే ఉంటారు. విజయనగరం రాజులకు అది రెండో రాజధాని. 1516 ప్రాంతంలో దువార్తె బార్బోసా అనే పోర్చుగీసు క్రైస్తవుడు విజయనగరం గురించి రాస్తూ ఆశ్చర్యపోయాడు. ఇక్కడ ఎవరైనా రావచ్చు, పోవచ్చు, తన మతం ప్రకారం బ్రతకవచ్చు, నువ్వు క్రైస్తవుడివా, యూదుడివా, ముస్లిమువా, హిందువువా అని అడిగేవాడు లేడు అని. అంటే గోవాలో గుళ్ళు కూలడానికి పాతికేళ్ళ ముందే, వేరే మతంవాణ్ణి బ్రతకనివ్వవచ్చు అని ఒక పోర్చుగీసు క్రైస్తవుడు కళ్ళారా చూసి సొంత భాషలో రాసిపెట్టాడు. తెలియదు అనడానికి వీల్లేదు.

ఆ తరువాత 1559 ప్రాంతంలో, మైలాపూరు దగ్గర శాన్‌తోమ్‌లో క్రైస్తవ సన్యాసులు గుళ్ళు కూలగొట్టారన్న ఫిర్యాదు వెళ్తే, ఆరవీటి రామరాయలు సైన్యంతో వచ్చాడు. ఊరి పెద్దలను బందీలుగా పట్టి సొమ్ము కట్టించుకున్నాడు. తప్పు జరిగిన ఆ రోజుల్లోనే తప్పు అని ఏడ్చినవాళ్ళు ఉన్నారన్నమాట. దెబ్బ తిన్నవాడికి అది దెబ్బ అని తెలియడానికి నాలుగు వందల ఏళ్ళు పట్టదు. ఆ బాబు వాళ్ళ అబ్బకు దోసిలి పట్టిన రోజే తెలుసు.

ఇలాంటి మాట వస్తే మన ఫోన్లలో వెంటనే "వాళ్ళు మాత్రం చేయలేదా" అని ఒక జాబితా తిరుగుతుంది. నేను ఆ జాబితా రాయను. పక్కింటివాడి అప్పు చూపిస్తే మన అప్పు తీరదు.

కొలత ఈనాటిది కాదు

ఇప్పుడు లేఖనానికి వద్దాం. లూకా 9వ అధ్యాయం. ప్రభువు యెరూషలేముకు వెళ్తుంటే ఒక సమరయుల గ్రామం ఆయన్ను చేర్చుకోలేదు. యాకోబు, యోహానులకు కోపం వచ్చింది. ఆకాశం నుండి అగ్ని దింపి వీళ్ళను కాల్చేయమంటావా అని అడిగారు. పైగా వాళ్ళు సొంత కసి అని చెప్పలేదు. ప్రభువు గౌరవం కోసమే అడిగారు. ఆయన ఏం చేశాడు? వాళ్ళవైపు తిరిగి గద్దించాడు. ఇంకో గ్రామానికి నడిచి వెళ్ళాడు. అంతే! తలుపు వేసిన ఊరికి క్రీస్తు ఇచ్చిన జవాబు ఇంకో ఊరికి నడవడం.

గెత్సేమనేలో పేతురు కత్తి దూస్తే ఏం జరిగింది? కత్తి పెట్టేయమన్నాడు. తెగిన చెవిని బాగుచేశాడు. మల్కు శత్రువు పక్షంవాడు. సిలువకు ముందు ప్రభువు చేసిన చివరి స్వస్థత, తన శిష్యుడి కత్తి చేసిన గాయానికి.

మత్తయి 13లో గోధుమలు, గురుగుల ఉపమానం మన రైతులకు నేను చెప్పక్కర్లేదు. చెనక్కాయ పెట్టినవాళ్ళకు తెలుసు. మొదట్లో కలుపు తీస్తాం, గుంటక తోలతాం. ఊడలు భూమిలోకి దిగాక మాత్రం ఎవరూ చేనులో గుంటక తోలరు. గురుగు మొక్క పీకబోతే ఊడలు తెగి కాయే పోతుంది. పనివాళ్ళు పీకేస్తామంటే యజమాని అదే అన్నాడు: వద్దు, కోతకాలం దాకా రెండింటినీ ఎదగనివ్వండి. కోసేది ఎవరో కూడా ఆయనే చెప్పాడు. అది మన పని కాదు.

గమనించండి. ఈ మాటలు ఐక్యరాజ్య సమితి రాసినవి కావు, మన రాజ్యాంగంతో పుట్టినవీ కావు. గోవాలో తీర్పు చెప్పినవాళ్ళ బల్ల మీద, జెనీవాలో కాల్విన్ గారి బల్ల మీద ఇవే పేజీలు ఉన్నాయి. కాబట్టి ఈనాటి కొలతతో ఆనాటివాళ్ళను కొలుస్తున్నాం అనే మాటే సరికాదు. వాళ్ళు పేరు పెట్టి పిలిచిన ప్రభువు కొలతతోనే వాళ్ళను కొలుస్తున్నాం.

మరి వాళ్ళకు నిజంగా తెలియకపోతే?

ఇది న్యాయమైన ప్రశ్న. లూకా 12:47-48 చూడండి. యజమాని చిత్తం తెలిసి చేయనివాడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవాడికి తక్కువ దెబ్బలు. దేవుడు కాలాన్ని, తెలివిని లెక్కలోకి తీసుకుంటాడు. కానీ తక్కువ దెబ్బలు అన్నాడు గాని ఒప్పు అనలేదు. దెబ్బల లెక్క ఆయనది. తప్పును తప్పు అనడం మాత్రం మనది.

పౌలును చూడండి. ఆయన కూడా మతం పేరుతో హింసించినవాడే. 1 తిమోతి 1:13లో, తెలియక అవిశ్వాసం వలన చేశానని చెప్పుకున్నాడు. అక్కడితో ఆగి "ఆ కాలం వేరు" అన్నాడా? రెండు వచనాల తరువాత పాపులలో తానే ప్రధానుడనని ఒప్పుకున్నాడు. కనికరం పొందినవాడు ఇలా మాట్లాడతాడు.

ఇంకొక హెచ్చరిక. అగస్టీన్ గారు మొదట విశ్వాసంలో బలవంతం వద్దన్నవారే. తరువాత ప్రభుత్వ చట్టానికి భయపడి విడిపోయినవాళ్ళు తిరిగి సంఘంలోకి రావడం చూశారు. ఫలితం బాగుందనిపించింది. మనసు మార్చుకుని, విందుకు బలవంతం చేసి తీసుకురమ్మన్న లూకా 14:23ను దానికి ఆధారం చేసుకున్నారు. చంపవద్దని ఆయన అధికారులను వేడుకున్న మాట నిజమే. కానీ ఆయన తెరిచిన తలుపులో తరువాత ఎవరెవరో దూరారు. తెలివిలేక కాదు, లెక్క పెరిగిందన్న సంతోషంలో ఆ మహానుభావుడు దారి తప్పారు. మన సంఘాల్లో కూడా లెక్కలు చెప్పుకుంటాం కదా. జాగ్రత్త.

సమాధులు కట్టేవాళ్ళు

ఇక్కడిదాకా చదివి "మనం వాళ్ళలా కాదులే" అనుకున్నారా? అయితే మత్తయి 23:29-32 మనకోసమే. పరిసయ్యులు ప్రవక్తల సమాధులు కట్టి అలంకరించారు. మా పితరుల దినాల్లో మేముంటే ఆ రక్తంలో పాలివాళ్ళం కాకపోదుము అన్నారు. ప్రభువు వాళ్ళను అక్కడే పట్టుకున్నాడు. ఆ మాట అన్నవాళ్ళే కొద్ది రోజుల్లో ఆయన్నే సిలువకు అప్పగించారు.

పితరుల తప్పును దాచడం ఒక తప్పించుకోవడం. పితరులను తిట్టి మనం మంచివాళ్ళం అనుకోవడం ఇంకో తప్పించుకోవడం.

నా సంగతి చెప్తాను. ఇరవై ఏళ్ళ కిందట ఒక ఊర్లో సువార్త కూడిక పెట్టాం. మైకు నా చేతిలో ఉంది. ఆ ఊరి దేవతను ఎగతాళి చేశాను. మావాళ్ళు నవ్వారు, చప్పట్లు కొట్టారు. నాకు చాలా బలంగా వాక్యం చెప్పినట్టు అనిపించింది. పొద్దున్నే బయలుదేరుతుంటే దప్పికైంది. ఎండాకాలం. ఆ ఊరికి నీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులకు ఒకసారి వచ్చేది. ఒక ముసలావిడ ఇంట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "రాత్రి మా యమ్మను తిట్టినావంట గదా నాయనా. గొంతు ఎండిపోయింటాది. తాగు" అంది.

ఆ నీళ్ళు గొంతు దిగలేదు. ఆ రోజు ఆ ఊర్లో ప్రభువులా నడుచుకున్నది ఎవరు? నేనైతే కాదు. నా చేతిలో కత్తి లేదు గాని, ఆకాశం నుండి అగ్ని అడిగిన నోరు నాదే. అధికారం, సైన్యం నా చేతిలో ఉంటే ఏం చేసి ఉండేవాడినో ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తుంది.

ఇంకొకటి. మన మనవలు మనల్ని చూసి ఏమంటారు? బాప్తిస్మం తీసుకున్నాక కూడా పెళ్ళి సంబంధంలో మాలా, మాదిగా, రెడ్డా, కమ్మా అని అడుగుతున్నాం. కొన్ని చోట్ల సమాధుల తోటలో కూడా గీతలు ఉన్నాయి. ఫ్యాక్షన్ గొడవల్లో రెండు వైపులా ప్రార్థన చేసుకునే కుటుంబాలే ఉన్న ఊళ్ళు మన సీమలో లేవా? అప్పుడు వాళ్ళు "ఆ కాలం వేరు" అని మనల్ని క్షమించేస్తారా? గలతీ 3:28 మన బల్ల మీదే ఉంది కదా, ఈ రోజే!

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

మన జిల్లాలో ఫాదర్ ఫెర్రర్ అంటే తెలియని పల్లె ఉండదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చారు. ఊరి బయట వాడల్లో ఇళ్ళు, బడులు, చెరువులు, బత్తలపల్లి ఆసుపత్రి కనబడుతున్నాయి. 2009లో ఇక్కడే కన్నుమూశారు.

అదే స్పెయిన్ దేశపు నేలలో, అదే పేరుతో ఇంకొకరు ఉన్నారు. 1419లో చనిపోయిన పునీత విన్సెంట్ ఫెర్రర్. గొప్ప ప్రసంగీకుడు, వేలమంది వెంట నడిచేవారు. 1412లో కాస్టీల్ రాజ్యంలో యూదులను వేరే వాడలో ఉండమని, ఫలానా పనులు చేయకూడదని చట్టం వచ్చింది. దాని వెనుక ఆయన ప్రబోధాల బలం ఉందని చరిత్రకారులు చెప్తారు. వేరే వాడ! ఈ మాట వినగానే మనలో కొందరికి కడుపులో కలుక్కుమంటుంది. మన అబ్బల కాలంలో మనల్ని పెట్టింది కూడా అక్కడే.

ఒకే పేరు, ఒకే ప్రభువు, ఒకే సువార్త పుస్తకం. ఒకరి మాట వల్ల మనుషులు వేరే వాడకు వెళ్ళారు. ఇంకొకరు తానే నడిచి వాడలోకి వచ్చారు. మొదటివారు భక్తి లేనివారు అనను. ఆయన ప్రార్థన నాకంటే ఎక్కువే. అందుకే భయం. ఎంతో భక్తి ఉండి కూడా పొరుగువాణ్ణి వాడలోకి నెట్టవచ్చు.

ఆ బాబుకు ఏం చెప్పాను

మరుసటి ఆదివారం వాణ్ణి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. "నాయనా, నేను చెప్పింది తప్పు. అది పాపమే. మీ అబ్బకు జరిగిందీ పాపమే, గోవాలో జరిగిందీ పాపమే. రెండింటికీ ఒకటే కొలత. నీ స్నేహితులకు వాదన చెప్పొద్దు. అవును, మావాళ్ళు చేశారు, మా ప్రభువు వద్దన్నది చేశారు అని ఒప్పుకో. సాకులు చెప్తే వాళ్ళు వినరు. ఒప్పుకుంటే ఒక్కడైనా వింటాడు."

దానియేలు 9వ అధ్యాయం చదవండి. చెరకు కారణమైన పాపాలు దానియేలువి కావు, పితరులవి. అయినా "వాళ్ళు" అనలేదు, "మేము" అని ప్రార్థించాడు. 2000 మార్చి 12న పోపు రెండవ జాన్ పాల్ గారు రోములో అందరి ముందు, సత్యం పేరుతో సంఘబిడ్డలు చేసిన హింసకు దేవుణ్ణి క్షమాపణ అడిగారు. సంఘం తగ్గిపోలేదు. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు కింద పడరు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోండి

1. నా విశ్వాసం పేరుతో నేను ఎవరినైనా అవమానించానా? వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పగలనా?
2. నాకు జరిగిన అన్యాయాన్ని ఏ కొలతతో కొలుస్తున్నానో, నావాళ్ళు చేసినదాన్ని అదే కొలతతో కొలుస్తున్నానా? (మత్తయి 7:2)
3. తలుపు వేసిన ఊరి ముందు నాకు అగ్ని గుర్తొస్తుందా, ఇంకో ఊరికి దారి గుర్తొస్తుందా?

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మేము పాపం చేశాం. నీ పేరు చెప్పి కత్తి పట్టాం, చట్టం పట్టాం, మైకు పట్టాం. పేతురు చేతి కత్తిని పెట్టించినట్టు మా చేతిలోదాన్ని కూడా పెట్టించు. మావల్ల తెగిన చెవులను నువ్వే బాగుచేయి. మాకు నీళ్ళిచ్చిన ఆ తల్లిని దీవించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్ని, మీ పిల్లలను, మన ఎండిన పొలాలను దీవించును గాక. వచ్చే వారం దానియేలు 9వ అధ్యాయం ప్రార్థనను వచనం వెంట వచనం చూద్దాం. అప్పటిదాకా సెలవు.